తినకముందే ఇచ్చిన తాంబూలం

కరోనా భయం తగ్గి, చెన్నై రేవు నుంచి విహార నౌకలు మళ్ళీ బయలుదేరిన ఏడాది అది. చెన్నైలో ఎక్కి, శ్రీలంక దాకా వెళ్ళి, తిరిగి చెన్నైలోనే దిగే ఓడ మాది. అందులో ఒక స్పెషాల్టీ రెస్టారెంట్‌కు నేను హెడ్ వెయిటర్‌ని. మా ఊరు నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. నలభై దగ్గరపడ్డాక, మెనూ కార్డు చదవనిదే పని ముందుకు సాగదని తెలిసి, ఓడలోనే అక్షరాలు దిద్దుకున్నాను. కాబట్టి నా రాతలో నునుపు వెతకొద్దు. చూసింది చూసినట్టు చెబుతాను.

ముందు స్పెషాల్టీ రెస్టారెంట్ అంటే ఏమిటో చెప్పాలి. ఓడ టికెట్‌లోనే తిండి ఖర్చు కలిసి ఉంటుంది. మెయిన్ డైనింగ్ అనే పెద్ద హాల్లో ఎవరైనా కూర్చుని కడుపునిండా తినొచ్చు. స్పెషాల్టీ రెస్టారెంట్ వేరు. చిన్న గది, ఒకే తరహా వంట. మాది సముద్రపు చేపలు, రొయ్యలు. ముందుగా టైము రిజర్వు చేసుకుని, వేరే డబ్బు కట్టి రావాలి. దాన్ని కవర్ చార్జ్ అంటారు. వడ్డించినవాళ్ళకు ఇచ్చే టిప్పు, ఓడ భాషలో గ్రాట్యుటీ, మా దగ్గర ఆ కవర్ చార్జ్‌లోనే కలిపేవారు. ఆపైన ఎవరికైనా మనసు పుట్టి ఇస్తే ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే ఎవరూ మూతి ముడవకూడదు. ఇచ్చేవాళ్ళు భోజనం అయ్యాక బిల్లు ఫోల్డర్‌లో పెట్టి వెళ్తారు. అడగడం తప్పు. అడుగుతున్నట్టు నిలబడటం కూడా తప్పే. సీటు కోసం డబ్బు తీసుకోవడం మాత్రం అన్నిటికంటే పెద్ద తప్పు. దానికి క్షమాపణ లేదు. వచ్చే రేవులో దించేస్తారు, మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వదు.

ఆ రోజుల్లో నా కింద మేరీ అనే పిల్ల పనిచేసేది. నెల్లూరు పిల్ల. వాళ్ళ నాన్న నెల్లూరులోనే ఆటో తోలుతాడు. ఆమెకు అదే మొదటి కాంట్రాక్టు. నన్ను బాబాయ్ అని పిలిచేది. చేతిలో నాలుగు ప్లేట్లు ఉన్నా నడక తొణికేది కాదు. కొత్తవాళ్ళలో అటువంటి చెయ్యి నేను అరుదుగా చూశాను.

ఒక సాయంత్రం మేరీని తలుపు దగ్గర నిలబెట్టాను. వచ్చినవాళ్ళకు నమస్కారం చెప్పి టేబుల్ చూపించే పని అది. రిజర్వేషన్‌లో టైము మాత్రమే ఉంటుంది. ఏ టేబుల్ అన్నది తలుపు దగ్గర ఉన్న మనిషే తేల్చాలి. కిటికీ పక్క టేబుల్ ఒక్కటే మిగిలింది. అప్పుడు వచ్చారు ఇద్దరు పెద్దామెలు. మా జిల్లాలోనే కొడవలూరు నుంచి, తోడికోడళ్ళు. వరికోతలు అయిపోయాక మగవాళ్ళను ఇంటి దగ్గర వదిలేసి షికారుకు బయలుదేరారట. పెద్దామె సుబ్బమ్మగారు, చేతిలో గుడ్డసంచి. చిన్నామె రాజమ్మగారు, ఓడ ఊపుకు తల తిరిగి గోడ పట్టుకుని నడుస్తోంది. కానీ నోరు మాత్రం తిరగడం మానలేదు.

"అక్కా, ఈడ పెట్టేది రొయ్యలంట. మన చెరువుల్లో రొయ్యలు తినడానికా సముద్రం మధ్యకు తీసుకొచ్చినావు నన్ను?"

"గమ్మున నడువు. ఇంట్లో నువ్వొండింది తింటా ఉండా కదా ఇన్నేళ్ళు. ఈ పొద్దన్నా మంచిది తిననీ."

తెలుగు వినగానే మేరీ మొహం విప్పారింది. రాజమ్మగారి అవస్థ చూసి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. "దూరంగా ఆ నీళ్ళ అంచునే చూస్తా ఉండండమ్మా, తల తిరగడం తగ్గుతాది" అని చెప్పింది. అది ఓడలో అందరికీ తెలిసిన చిట్కా. వాళ్ళ వెనకే వచ్చిన చెన్నై దంపతులకు లోపలి టేబుల్ వచ్చింది. అప్పటికి నేను వంటింటి వైపు వెళ్ళాను. తలుపు దగ్గర ఇంకేం జరిగిందో నాకు తెలియదు.

నేను తిరిగి వచ్చేసరికి సుబ్బమ్మగారు లేచి నిలబడి ఉంది. గుడ్డసంచిలో నుంచి తమలపాకులు తీసింది. వక్క తీసింది. అరటిపండు మాత్రం మా ఓడదే, పొద్దున టిఫిన్ దగ్గర తీసి దాచుకున్నట్టుంది. ఆకుల మధ్య ఒక నోటు మడిచి పెట్టింది. కుంకుమ భరిణె తెరిచి, మేరీ మెడలో సిలువ చూసి, మూత పెట్టేసింది. మేరీ తల మీద చెయ్యి పెట్టి నిమిరి, "చల్లగా ఉండు తల్లీ" అని తాంబూలం చాచింది. మేరీ నా వైపు ఒక్క చూపు చూసి, రెండు చేతులా అందుకుంది.

భోజనం ఇంకా మొదలు కాలేదు. నలుగురూ చూస్తున్నారు. నేను ఏదైనా అనేలోపే సుబ్బమ్మగారు కూర్చుని, "ఇంక తెప్పీ నాయనా, ఆకలైతా ఉంది" అంది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు పిలిచాడు. ఆయన ఫిలిప్పీన్స్ మనిషి. కోపిష్ఠి కాదు, కానీ రూలు అంటే రూలే. మేరీ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. బల్ల మీద ఒక ట్రేలో తమలపాకులు, వక్క, అరటిపండు, ఆ నోటు. ఆకులు వాడిపోయి ఉన్నాయి. చెన్నై ఆయన రాత్రే ఫిర్యాదు చేశాడట, కిటికీ టేబుల్‌కు ఈ అమ్మాయి డబ్బు తీసుకుంది, నా కళ్ళతో చూశాను అని.

"తీసుకున్నావా?" అని అడిగాడు మేనేజరు.

"తీసుకున్నాను సార్. సీటు కోసం కాదు."

"మరి ఎందుకు తీసుకున్నావు?"

"పెద్దామె తాంబూలం ఇస్తే వద్దనడం మాకు తెలీదు సార్."

మేనేజరు నా వైపు తిరిగాడు. తాంబూలం అంటే ఏమిటో నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఆకులు అటూ ఇటూ తిప్పి చూసి, ఒక మాట అన్నాడు. "డబ్బును ఆకులో చుట్టి ఇచ్చారంటే, దాచి ఇచ్చినట్టే కదా?"

మనకు మర్యాద అయినది ఆయన కంటికి దొంగతనంగా కనబడింది. ఆయనదీ తప్పు కాదు. మధ్యాహ్నం చెన్నై దంపతుల మాట రాసుకుని తేలుస్తానన్నాడు. మర్నాడు ఉదయం ఓడ చెన్నై చేరుతుంది. మేరీ కథ అక్కడితో సరి అనుకున్నాను.

బయటికి వచ్చాక మేరీ కళ్ళు తుడుచుకుంది. "మా నాయనకేం చెప్పను బాబాయ్? ఆటో స్టాండులో అందరికీ చెప్పుకున్నాడు, మా పాప ఓడలో పని చేస్తాదని" అంది.

ఓడ లోపలి గొడవలు గెస్టులకు చెప్పకూడదు. అది కూడా రూలే. కానీ టిఫిన్ దగ్గర సుబ్బమ్మగారు నన్ను పట్టుకుని, "ఆ పిల్ల కనపడలేదే?" అని అడిగింది. నేను దాచలేకపోయాను. మొత్తం చెప్పేశాను. ఆమె చేతిలో ఇడ్లీ అట్లాగే ఉండిపోయింది.

రాజమ్మగారు అందుకుంది. "నేను చెప్తా ఉంటే విన్నావా? ఈడ తాంబూలాలేంది అక్కా, ఇదేమన్నా పెండ్లిపందిరా?"

"నువ్వు ఊరుకో. నేనిచ్చింది నేనే చెప్పుకుంటా. ఏ నాయనా, ఆ ఆఫీసు యాడ?"

మధ్యాహ్నం మేము వెళ్ళేసరికి చెన్నై దంపతులు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయన కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. ఆమె చుడీదార్‌లో, తల వంచుకుని చేతిసంచి మూత తీస్తూ వేస్తూ ఉంది. మేరీ గోడకు ఆనుకుని నిలబడింది. సుబ్బమ్మగారు ఎవరినీ పలకరించలేదు. బల్ల మీద ట్రేను చూసింది.

"అయ్యో, ఇట్టా వాడబెట్టినారే" అంది.

నేను తర్జుమా చేశాను. మేనేజరు ఆమెకు కుర్చీ చూపించి, సీటు కోసం ఇచ్చారా అని అడిగాడు.

"సీటు ఇచ్చినాకే కదయ్యా నేను తాంబూలం తీసింది. సీటు కొనుక్కునేదానికైతే ముందే ఇస్తా."

"సీటు ముందుగా మాట్లాడుకుని, కూర్చున్నాక ఇచ్చినట్టు కూడా ఉండొచ్చు" అన్నాడు చెన్నై ఆయన ఇంగ్లీషులో. నేను అదీ తర్జుమా చేశాను.

ఆమె ఆయనతో వాదన పెట్టుకోలేదు. గుడ్డసంచి తెరిచింది. తడిగుడ్డలో చుట్టిన తాజా ఆకులు తీసింది. వక్క పెట్టింది. అరటిపండు పెట్టింది, అదీ మా ఓడదే. నడుముకు చెక్కుకున్న చిన్న సంచిలో నుంచి ఒక నోటు తీసి ఆకుల మధ్య పెట్టింది. చెన్నై ఆమె ముందుకు వెళ్ళి నిలబడింది. నెల్లూరు వాళ్ళకు చెన్నై ఆసుపత్రుల చుట్టూ తిరిగి నాలుగు అరవం ముక్కలు వస్తాయి కదా, "వాంగమ్మా" అని, రమ్మని పిలిచింది.

ఆమె లేచింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదనుకుంటాను. సుబ్బమ్మగారు కుంకుమ పెట్టింది. ఆమె చున్నీ ముందుకు లాక్కుని, రెండు చేతులా చెంగు పట్టింది. తాంబూలం అందులో పడింది. ఆమె వంగి సుబ్బమ్మగారి కాళ్ళకు దణ్ణం పెట్టింది.

సుబ్బమ్మగారు అప్పుడు మేనేజరు వైపు తిరిగింది. "ఈ బిడ్డ దగ్గర నేనేం కొనుక్కున్నానో అడుగు నాయనా."

ఆ మాట తర్జుమా చేశాను. చెన్నై ఆమె చెంగులోని ఆకుల వైపే చూస్తూ ఉంది. తరువాత భర్త వైపు తిరిగి, తమిళంలో నెమ్మదిగా అంది, "ఇంక చాలు. నిజం చెప్పేయండి. తలుపు దగ్గర ఆ అమ్మాయి చేతిలో డబ్బు పెట్టబోయింది మీరు. ఆ పిల్ల వద్దని చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను పక్కనే ఉన్నాను."

ఆయన కాలు మీది కాలు కిందికి దిగింది. మేనేజరుకు నేను తర్జుమా చేయాల్సిన పని పడలేదు. చెన్నై ఆయనే ఇంగ్లీషులో చెప్పాడు. సీటు దొరకలేదన్న కోపం మీద, అదే పిల్ల ఇంకొకరి దగ్గర నోటు అందుకోవడం చూసి ఒళ్ళు మండిందని. మేరీ వైపు తిరిగి సారీ అన్నాడు. ఫిర్యాదు కాగితం వెనక్కి తీసుకున్నాడు. తప్పు అందరి ముందూ ఒప్పుకోవడం తేలిక కాదు, ఆ మాట కూడా చెప్పాలి.

తరువాత నేను మేరీని నిలదీశాను. "ఆయన డబ్బు చాచాడని పొద్దున్నే చెబితే ఈ రభస ఉండేది కాదు కదే!"

"గెస్టు మీద నేరం చెప్పి నా ఉద్యోగం నిలబెట్టుకోవాల్నా బాబాయ్? నలుగురి ముందర ఆయన పరువు తీయమంటావా? ఇయ్యబోయినాడు, నేను తీసుకోలేదు. ఆడికి అయిపోయింది" అంది. నా సర్వీసులో సగం కూడా లేని పిల్ల.

ఆ గదిలో ఇంకొకటి జరిగింది. అందరూ లేవబోతుంటే మేనేజరు, నా తర్జుమా సాయంతో, సుబ్బమ్మగారిని అడిగాడు. "టిప్పు ఎవరైనా తిన్నాక ఇస్తారు. మీరు తినకముందే ఎందుకు ఇచ్చారు? ఆమె సరిగ్గా వడ్డించకపోతే?"

సుబ్బమ్మగారు నవ్వింది. "తిన్నాక లెక్క చూసుకుని ఇస్తే అది కూలి నాయనా. మా ఇంట్లో పెండ్లయితే, పొయ్యి ముట్టించక ముందే వంటోళ్ళకు తాంబూలం ఇస్తాం. మీ చేతిలో పెడుతుండాం, మా బంధువులను చూసుకోండి అని. కూరలో ఉప్పెక్కువైందని మళ్ళీ వెనక్కి లాక్కుంటామా?"

"ఆయన చేతిలో కూడా ఒకటి పెట్టక్కా, పెద్దాఫీసరు, చిన్నబుచ్చుకుంటాడు" అంది రాజమ్మగారు తలుపు దగ్గర నుంచి. ఆమె అది ఎగతాళికే అంది. సుబ్బమ్మగారు నిజంగానే సంచి తెరిచింది. మేనేజరు కంగారుగా నా వైపు వంగి, ఏ చెయ్యి పట్టాలి అని అడిగాడు.

"రెండూ పట్టండి సార్" అన్నాను.

నోటు పెట్టకుండా ఉత్త ఆకూ వక్కా పండూ ఇచ్చింది, ఆయనకు చిక్కు రాకుండా. ట్రేలోని నోటు మేరీదే అని తేలింది. మా దగ్గర పద్ధతి ప్రకారం అందరూ పంచుకునే టిప్పుల పెట్టెలో వేసింది. మర్నాడు చెన్నైలో ఆ తోడికోడళ్ళు దిగారు, మేరీ దిగలేదు. ఇప్పుడు ఇంకో ఓడలో నాలాగే హెడ్ వెయిటర్‌గా ఉంది.

నేను ఉద్యోగం మానేసి అల్లూరు వచ్చేశాక, ఓడ షికారుకు వెళ్ళేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, స్పెషాల్టీ రెస్టారెంట్‌లో టిప్పు ఎంత ఇవ్వాలి అని. బిల్లులో కలిసి ఉందో లేదో ముందు చూసుకోండి, మనసైతే ఆపైన తిన్నాక ఫోల్డర్‌లో పెట్టండి, తలుపు దగ్గర మాత్రం ఎవరికీ ఇవ్వకండి అని చెబుతాను. పిల్లల ఉద్యోగాలతో చెలగాటం వద్దు కాబట్టి అదే సరైన సలహా. అన్నేళ్ళూ నేను కూడా టిప్పును మార్కుల్లాగానే చూశాను. బాగా చేస్తే ఎక్కువ, పొరపాటు చేస్తే తక్కువ. వడ్డించేవాళ్ళం ప్రతి పూటా పరీక్ష రాస్తున్నట్టే ఉండేది. పరీక్ష పెట్టకుండానే నమ్మి చేతిలో పెట్టిన మనిషిని ఒక్క సుబ్బమ్మగారినే చూశాను.

నెల్లూరు వెళ్ళినప్పుడు ఒక మెస్సులో భోంచేస్తాను. అక్కడ ఓడ రూళ్ళు లేవు. ఆకు వేయగానే వడ్డించే మనిషి చేతిలో ఇవ్వదలుచుకున్నది పెట్టేస్తాను. మొదటిసారి అతను అనుమానంగా చూశాడు.

"ఏం పెద్దాయనా, చేపముక్క పెద్దది కావాల్నా?"

"ఏమీ వద్దు. నీ పేరు చెప్పు" అన్నాను.

చెప్పాడు. ఆ తరువాత అందరికీ వడ్డించినట్టే నాకూ వడ్డించాడు. ముక్క చిన్నదే వచ్చింది. హాయిగా తిన్నాను.