చెక్క కాలి నాడి

లోకంలో ఏ ఊరికి వెళ్ళినా పెద్దాసుపత్రి ఎదుటి వీధి ఒకేలా ఉంటుంది. నాలుగు మందుల షాపులు, ఒక పళ్ళ బండి, చేతికర్రలమ్మే దుకాణం, వాటి సందున ఇరుక్కుని ఎవరి కంటా పడని ఒక గది. కాళ్ళు వాచినవాళ్ళకి తప్ప ఆ గదితో ఎవరికీ పని ఉండదు. ఈ వీధిలో ఆ గది మేజోళ్ళ పిన్నిది. అసలు పేరు అద్దె కాగితం మీద ఉందో లేదో గాని, ఆయా మొదలుకొని పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆవిడ పిన్నే.

గదిలో వచ్చినవాళ్ళకి ఒక ఎత్తు కుర్చీ, ఆమెకి ఒక పొట్టిపీట, గోడ పొడుగునా అట్టపెట్టెలు. అద్దాల బీరువాలో చెక్కతో చేసిన కాలొకటి నమూనా మేజోడు తొడుక్కుని నిలబడి ఉంటుంది. ఇరవయ్యారేళ్ళలో "బిగుతుగా ఉంది పిన్నీ" అని మూలగని కాలు అదొక్కటే.

ఈ మేజోళ్ళు బూట్లలోకి వేసుకునే రకం కావు. చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా పట్టి, కిందికి దిగిపోయిన నీటినీ నెత్తురునీ పైకి తోలతాయి. వీటిని తొడగడమంటే పాము విడిచిన కుబుసాన్ని మళ్ళీ పాముకి ఎక్కించడమే. కొలతలకి పొద్దున్నే రావాలి, వాపు ఇంకా కాల్లోకి దిగకముందే. చీలమండ సన్నం, పిక్క లావు, మోకాలి కింద దాకా పొడవు. ఆపైన మేజోడుని మడమ దాకా తిరగేసి, రబ్బరు తొడుగులేసుకున్న చేతులతో అంగుళం అంగుళం లాగాలి. ముడత పడకూడదు, పై అంచు మడత పెట్టకూడదు. రాజులూ మంత్రులూ నిలువెత్తు బొమ్మలు చేయించుకుంటారు గాని, నిలబడీ నిలబడీ లోకాన్ని నడిపేవాళ్ళ కాళ్ళెలా ఉంటాయో పిన్నికి తెలిసినంతగా ఏ చరిత్రకారుడికీ తెలియదు. వంటమనిషి కాళ్ళు, పోలీసు కాళ్ళు, పంతులమ్మ కాళ్ళు అన్నీ ఆమె ఒడిలోకి వచ్చినవే.

పని నేర్పింది ఒక ముసలి నర్సమ్మ. టేపు తీసే ముందు పాదం మీద మూడు వేళ్ళు ఆనించి నాడి చూడమనేది. "నెత్తురు కిందికి దిగని కాలుంటుందే అమ్మాయ్. అదీ వాస్తుంది. దానికి మేజోడు తొడిగావంటే ఉరితాడు బిగించినట్టే. నాడి పలక్కపోతే టేపు జేబులో పెట్టి వెనక్కి పంపెయ్." ఇంకో మాట కూడా చెప్పింది. "నీ నాడి నీ వేలి కొసలోనూ కొట్టుకుంటుంది. అనుమానమొస్తే రెండో చేత్తో నీ మణికట్టు పట్టుకు చూడు. రెండూ ఒకే తాళంలో నడిస్తే నువ్వు వింటున్నది నిన్నే."

మొదటి రెండేళ్ళూ పిన్ని అలాగే చేసింది. చెయ్యి తిరిగాక మణికట్టు పట్టుకు చూడడం మానేసింది. చూసేవాళ్ళకి అది పని రానివాళ్ళ వాలకంలా ఉంటుందని.

రబ్బరు లాగీ లాగీ రెండేళ్ళ కిందట వేళ్ళ కొసలు మొద్దుబారాయి. బొత్తాం పెట్టుకుంటుంటే జారిపోయేది. వేడి గిన్నె పట్టుకున్నాక, వాసనొస్తే గాని చెయ్యి కాలిందని తెలిసేది కాదు. ఎవరికీ చెప్పలేదు. పాదం మీద ఇంకాస్త గట్టిగా నొక్కడం మొదలుపెట్టింది. నొక్కితే పలికేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున అక్కా బావా వచ్చారు. బావ ముప్ఫయ్యారేళ్ళు బస్సు కండక్టరు. నిలబడి బతికినవాడు, సిగరెట్టు మీద సిగరెట్టు వెలిగించినవాడు. రిటైరైనా నోరు మాత్రం రిటైరవలేదు. కుడి కాలు పిక్క దాకా పొంగి ఉంది. ఆసుపత్రి డాక్టరు నిమిషం చూసి మేజోళ్ళని చీటీ రాసిచ్చాడు.

"అవసరమొస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడట. నువ్వు నా కాళ్ళు పట్టుకుంటే తప్పేం లేదు మరదలు పిల్లా."

"అంటే గాడిదవని నీ నోటితోనే ఒప్పుకున్నావు బావా."

"ముప్ఫయ్యారేళ్ళు చెప్తున్నా, వినలేదు," అంది అక్క.

పిన్ని అతని పాదం ఒడిలో పెట్టుకుంది. చల్లగా తగిలింది. "చలికాలం కదే, నా మొగుడూ చల్లబడ్డాడు," అని అక్కే నవ్వేసింది.

"రాత్రిళ్ళు ఈ కాలు ఫుట్‌బోర్డు ప్రయాణం చేస్తోంది మరదలా. మంచం మీద ఉండనంటుంది. కిందికి వేలాడేస్తే గాని నొప్పి తగ్గదు. ఎంతమంది పోరగాళ్ళని లోపలికి తోశానో, ఆ ఉసురే తగిలినట్టుంది."

ముగ్గురూ నవ్వారు. ఇదే మాట ఆ పోలీసో వంటమనిషో మామూలుగా చెప్పి ఉంటే పిన్ని చెయ్యి అక్కడే ఆగిపోయేది. వేలాడేస్తే హాయిగా ఉండే కాలంటే నెత్తురందని కాలు. అలా వేలాడదీసే అది వాచింది. కాని చెప్పింది బావ. బావ మాట విని నవ్వడమే గాని ఆలోచించడం ఆమెకి పెళ్ళిపందిట్లోంచీ అలవాటు లేదు.

మూడు వేళ్ళు ఆనించి నొక్కింది. టిక్, టిక్, టిక్.

"గడియారంలా ఉంది బావా," అని మేజోడు ఎక్కించింది.

తొమ్మిదో రోజున అక్క ఫోను చేసింది. బావ కాలి వేళ్ళు సిరాలో ముంచినట్టు అయ్యాయి. పన్నెండో రోజున మోకాలి కింద నుంచి తీసేశారు.

"నాడి లేని కాలికి ఇది తొడిగిన వెధవ ఎవరని ఆపరేషన్ చేసిన డాక్టరు కేకలేశాడే. ఈయనేమో, ఎవరిదో పాత జత దొరికితే నేనే తొడుక్కున్నానన్నాడు. నీ మాట రానివ్వలేదు," అంది అక్క. "నువ్వు చూశావుగా. అప్పుడు పలికింది. ఆ తర్వాతే ఏదో అయ్యుంటుంది."

పిన్ని ఊఁ కొట్టింది. ఫోను పెట్టేసి గది తలుపు మూసింది. తన కాలి మీద చూసుకుంటే లాభం లేదు, అక్కడా ఇక్కడా కొట్టుకునేది ఒకటే గుండె. బీరువా తెరిచి చెక్క కాలిని బయటికి తీసింది. మేజోడు ఒలిచేసి ఒడిలో పెట్టుకుని, మనుషుల మీద నొక్కినట్టే మూడు వేళ్ళతో నొక్కింది.

టిక్, టిక్, టిక్.

ఆరు వారాలు గది తెరవలేదు. జ్వరమంది. ఏడో వారం అక్కే బావని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చి తలుపు కొట్టింది. బావ సగమయ్యాడు. ప్యాంటు కుడి కాలు మడిచి పిన్ను పెట్టి ఉంది. ఎడం పాదం మీద వాపు మొదలైంది.

"మొన్న జతలో మిగిలిపోయిన ఎడమదాన్ని తెచ్చాను మరదలు పిల్లా. పాపం, ఒంటరిదైపోయింది," అంటూ బావ ఒళ్ళోని మేజోడు తీసి పీట పక్కన పడేశాడు.

అక్క నవ్వలేదు. "దీనికి ముందు ఆసుపత్రిలో ఏదో పరీక్ష చేయించాలన్నారే. ఈయన వినడు. మా మరదలు చూస్తే చాలంటాడు."

పాదం ఆమె ఒడిలోకి వచ్చింది. "చూడు. ఇదన్నా పలుకుతోందా?" అన్నాడు.

నొక్కింది. పలికింది. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఎడం చెయ్యి వెళ్ళి తన కుడి మణికట్టుని పట్టుకుంది. అక్కడొకటి, ఇక్కడొకటి, కాలు తప్పని కవాతులా రెండూ కలిసే నడుస్తున్నాయి. పలుకుతోంది బావా, అంటే చాలు. ఆ మేజోడు తొడిగింది ఆమేనని ఇంతవరకు ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు, ఇకముందూ తెలియదు.

"నాకు తెలీదు బావా," అంది.

"తెలీదేంటే?"

"నా వేళ్ళకి తెలీడం లేదక్కా. ఆవేళ నేను విన్నది బావ కాలు కాదు. నన్నే." బీరువా వైపు చూపించింది. "అది కూడా పలికింది."

బావ ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఆ నోటికి మాట రాకపోవడం ఆ ఇద్దరక్కచెల్లెళ్ళూ అంతకుముందు చూడలేదు.

"ఎప్పట్నించి?" అంది అక్క.

"రెండేళ్ళు."

"మా ఇంటికొచ్చినప్పుడు నా చీర అంచు కుట్టలేక సూది నా చేతికిచ్చావు, అప్పుడే?"

"ఊఁ."

"కళ్ళు ఆనడం లేదన్నావు."

అక్క వంగి, ఆమె ఒడిలోంచి పాదాన్ని రెండు చేతులా ఎత్తి కుర్చీ మెట్టు మీద పెట్టింది. చెప్పు తొడిగింది. చక్రం గడప దగ్గర తట్టుకుంటే పిన్ని పీట మీంచి లేచింది.

"నువ్వు ముట్టుకోకు," అంది అక్క.

మూడోసారికి గడప దాటింది కుర్చీ. నేరుగా ఆసుపత్రి గేటు వైపు తిరిగింది. బావ వెనక్కి చూడాలని మెడ తిప్పాడు గాని, అక్క ఆపకుండా తోసుకుపోయింది.

మిగిలిన ఎడమ మేజోడు పీట పక్కన పడి ఉంది. పిన్ని దాన్ని తీస్తుంటే గుమ్మంలో చౌరస్తా పోలీసు నిలబడ్డాడు.

"అమ్మయ్య, తెరిచావా పిన్నీ! ప్రాణం లేచొచ్చింది. ఈ కాలు కాస్త చూడు."

"ఆసుపత్రిలో చూపించుకో నాయనా," అంది. "నాకు చూడ్డం రాదు."

పిన్ని హాస్యమాడుతోందనుకుని అతను నవ్వుతూ వచ్చి ఎత్తు కుర్చీలో కూర్చుని, బూటు విప్పడం మొదలుపెట్టాడు.