దింపుడు కల్లం దగ్గర లచ్చవ్వ

తార్నాకలో మా వీధికి పాలు పోసే లచ్చవ్వ నోరు మంచిది కాదు. నీళ్ళు కలిపావా అని ఎవరైనా అడిగితే "పోయి బర్రెనే అడుగు" అనేది. భర్త ఇన్నయ్య యూనివర్సిటీలో తోటమాలి. ఆమె నోటికీ అతని మౌనానికీ సరిగ్గా సరిపోయింది. ఉన్నది ఒక్క బర్రె, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. అరవై ఎనిమిది ఎండాకాలంలో ఇన్నయ్య ఆర్ట్స్ కాలేజీ ముందు మొక్కలకు నీళ్ళు పెడుతూ పెడుతూనే కూలిపోయాడు.

తోటి మాలీలు తలా ఇంత వేసుకుని కట్టెలు, డప్పు, తెల్లబట్ట చూసుకున్నారు. అంతటితో సాగనంపితే బాగుండేది. ఈలోగా లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి ఇన్నయ్య అన్న గట్టయ్య దిగాడు. పరువేమో ఆయనది, ఖర్చు లచ్చవ్వది.

"దినాలకు రెండు యాటలు కొయ్యాలె. మా వర్క్‌షాపోళ్ళంత వస్తరు. బర్రెను అమ్ముదాం, బేరగాన్ని తోలుకొచ్చిన" అన్నాడు.

"బర్రె పోతే పిల్లలకేం పెట్టాలె బావా?"

"అయితే నా తమ్ముడు దిక్కులేనోని లెక్క పోవాల్నా?"

ఇన్నయ్యకు కొడుకులు లేరు కనుక నిప్పుకుండ పట్టవలసింది గట్టయ్యే. ఆయన కాదంటే శవం కదలదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

బర్రె సంగతి తేలకముందే పాడె లేచింది. నేనూ వెంట నడిచాను. శ్మశానం దారిలో దింపుడు కల్లం దగ్గర దించారు. పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, పలకకపోతేనే అక్కడినుంచి ముందుకు మోసుకుపోతారు. ఆడవాళ్ళు అక్కడే వెనక్కి తిరగాలి. గట్టయ్య రెండుసార్లు "ఇన్నయ్యా" అని పిలిచి ఆగాడు. నిప్పుకుండ కింద పెట్టాడు.

"బర్రెను అమ్మి దినాలు చేస్తనని వాని చెవుల చెప్పు. అప్పుడే నేను కదుల్త."

డప్పు ఆగిపోయింది. ఎండ మాడ్చేస్తోంది. మాలీలు తలలు దించుకున్నారు. పీనుగును నడిదారిలో పెట్టుకుని బేరమాడే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఒళ్ళు మండిపోయింది గానీ, వాళ్ళింటి విషయంలో నోరు తెరవడానికి నేనెవర్ని?

లచ్చవ్వ పాడె పక్కన కూచుంది. పెళ్ళయిన నాటినుంచి మొగుడి పేరు ఎత్తని మనిషి, అతని చెవి మీదికి వంగి అందరికీ వినిపించేట్టు మూడో పిలుపు పిలిచింది.

"ఇన్నయ్యా! మీ అన్న బర్రెను అమ్ముమంటుండు. ఇంటున్నవా? అమ్ముమంటే లేచి చెప్పు. నువ్వు లేస్తే ఇప్పుడే అమ్ముత."

అతని ముఖం మీద ఈగ వాలితే కొంగుతో తోలింది. ఇంకా చూసింది. ఆమె నిజంగానే ఎదురుచూస్తోందని అర్థమయ్యాక నాకు దుఃఖం ఆగలేదు.

ఆఖరికి కళ్ళు తుడుచుకుని లేచింది.

"వద్దంటుండు బావా. కుండ అందుకో."

గట్టయ్య వంగి కుండ అందుకున్నాడు. లచ్చవ్వ వెనక్కి తిరిగింది. బర్రెను పిండే వేళయింది.