ఆన్షీ కొండల తేయాకు, నా ముక్కు

జ్వరం తగ్గిన రోజు ఉదయం కాఫీపొడి డబ్బా మూత తీసి, పొడి పాడైపోయిందనుకున్నాను. ఇంగువ తీశాను. అదీ అంతే. హారతి కర్పూరం నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే చల్లగా తగిలింది గాని వాసన లేదు. వంటగదిలో నేల మీదే కూలబడిపోయాను.

పరిశోధన సంస్థలుండే పేట వన్-నార్త్‌లో సీసా పానీయాలకు రుచులు తయారుచేసే ల్యాబ్ మాది. వాసన చూసి చెప్పడమే నా ఉద్యోగం. అప్పట్లో తియెగ్వాన్యిన్ అనే చైనా ఊలాంగ్ తేయాకు రుచిని పట్టుకోవడానికి నెలల తరబడి తంటాలు పడుతున్నాం. గ్రీన్ టీ అంత పచ్చిగా ఉంచకుండా, మన టీ ఆకులా పూర్తిగా నల్లబడనివ్వకుండా, మధ్యలో ఆపేసిన ఆకు అది.

డాక్టర్ వైరస్ వల్లే అన్నాడు. "వాసన తిరిగి రావచ్చు. ఎప్పుడో చెప్పలేను." ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పేశాను. సెలవిచ్చారు.

ఆ సెలవులో రోజూ పుంగ్గోల్‌లోని మా ఇంటి నుంచి ట్రైనెక్కి చైనాటౌన్ వెళ్లేదాన్ని. ల్యాబ్‌కి ఆకు కొనే కొట్టు అక్కడుంది. దాన్ని నడిపే ముసలావిడను అందరూ ఆంటీ అంటారు, నేనూ అంతే. ఆవిడ మూత ఉన్న చిన్న కప్పులో తియెగ్వాన్యిన్ ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి, ఆ మూత తీసి నా ముక్కు కింద పట్టేది.

"ఏమైనా తెలిసిందా?"

"లేదాంటీ."

"రేపు రా లా." మాట చివర ఆ 'లా' తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు.

ఒకరోజు ఆ తేయాకు మొక్క పుట్టుక చెప్పింది. వాళ్ల నాన్నదీ ఆ మొక్కదీ ఒకే ప్రాంతం, చైనా ఫుజియాన్ రాష్ట్రం‌లోని ఆన్షీ కొండలు. అక్కడొక పేదరైతు పొలానికి వెళ్లే దారిలో కరుణాదేవత గ్వాన్యిన్ గుడి శిథిలమై ఉండేదట. లోపల ఇనుప విగ్రహం. బాగుచేయించే స్తోమత లేక ఊడ్చి, అగరుబత్తి వెలిగించేవాడట. దేవత కలలో కనిపించి, గుడి వెనక బండసందులో చూడమంది. అక్కడ ఒకే ఒక్క మొలక ఉంది. అందుకే దానికి తియెగ్వాన్యిన్, అంటే ఇనుప గ్వాన్యిన్, అని పేరు.

"నేనూ ఊడుస్తానాంటీ. ఏ గుడైనా సరే," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఇంకో కథ కూడా ఉంది. ఒక పండితుడికి రాళ్ల మధ్య కనిపించింది, తోటలో నాటుకున్నాడు. ఆకు చక్రవర్తి దాకా వెళితే ఆయనే దానికి ఈ పేరు పెట్టాడు. అందులో దేవత లేదు, కల లేదు. ఏది నిజమో మా నాన్నకే తెలీదు."

నన్ను ఊరడించాలనే చెప్పి ఉంటుంది. నాకు మాత్రం ఉన్న కాస్త ఆశా పోయింది. మొక్క ఊరికే కంటబడిందంటే, ఇక నేను చేయగలిగేది ఏముంది?

ఆ వారంలోనే మా పాపకు పాలు కలిపిచ్చాను. గ్లాసు నోటిదాకా పెట్టుకుని దించేసింది. "అమ్మా, దిస్ మిల్క్ స్మెల్స్ సో బ్యాడ్ లా." అవి పులిసిపోయాయి, నాకు తెలియనే లేదు. గ్లాసు కడుగుతూ, కుళాయి చప్పుడులో గట్టిగా ఏడ్చాను.

తర్వాత వాసన వచ్చింది, కానీ తప్పుగా. ఉడికే అన్నం కాలిన టైరులా ఉండేది. పాప తల దగ్గరికి తీసుకోలేకపోయేదాన్ని. ఆంటీ మూత పట్టగానే కొట్టు బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. ఆవిడ వెనకే వచ్చి వీపు రాసింది. ఆ ఆకు పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. నేను మళ్లీ అటు వెళ్లలేదు.

తియెగ్వాన్యిన్ పని ఇంకొకరు పూర్తిచేశారు. నన్ను వాసనలను కొలిచే యంత్రం ఇచ్చే గ్రాఫులు చూసే సీటుకు మార్చారు. వాసన ఇప్పటికీ సరిగ్గా లేదు.

ఒక ఆదివారం మావారు ఆ పొట్లం విప్పి టీ పెట్టుకున్నారు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుంది అంటే నాకేం తెలుస్తుందండీ? వాసన చెప్పండి."

"నాకవన్నీ ఎక్కడొచ్చు?" అని నా కళ్లు చూసి ఆగిపోయారు. కప్పు మళ్లీ ఎత్తి, కళ్లు మూసుకుని పీల్చారు. "ఇస్త్రీ పెట్టె కింద తడిబట్టలా ఉంది. కాదు... కొంచెం పూలు కూడా. వాడిపోయిన పూలు."

"ఏ పూలు?"

"ఆగు," అని మళ్లీ కప్పులోకి వంగారు.