మంచులో ఆడిన ఆట

వాన వెలిశాక మా వీధిలో ఎవరో సున్నం చల్లుతున్నారు. ఆ తడి వాసనకు గుమ్మంలోనే ఆగిపోయాను. కళ్ల ముందు సున్నం గీతలు గీసిన నరసరావుపేట ఫుట్‌బాల్ మైదానం, దాని మీద తెల్లటి పొగమంచు, అందులోంచి ఈల ఊదుతూ వస్తున్న మరియమ్మ టీచర్.

ఆవిడ మా జూనియర్ కాలేజీలో ఆటలు నేర్పేవారు. పొట్టి మనిషి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, కాన్వాసు బూట్లతో పరుగెత్తేవారు. మైదానాన్ని అప్పటికే మూడు క్లబ్బులు పంచుకున్నాయి. ఆడపిల్లలకు చోటెక్కడిదన్నారు వాటి పెద్దలు. ఎవరూ రాని వేకువ చాలన్నారు టీచర్. అలా చలికాలమంతా మంచులో ఆడాం. నేను గోల్‌కీపర్ని. బంతి కనపడక బెదిరిపోతుంటే, "చూడమాకే, విను. బంతి వచ్చేది చెవికి తెలుస్తుద్ది," అనేవారు.

ఒక ఆదివారం గోలు దగ్గర రెండు క్లబ్బుల వాళ్లు కొట్టుకున్నారు. ఒక క్లబ్బులో ఆడే నాగరాజు నెట్టిన తోపుకు రెండో క్లబ్బు కుర్రాడు శ్రీను చెయ్యి విరిగింది. పెద్దలు గేటుకు తాళం వేశారు. మా వేకువ కూడా పోయింది. టీచర్ నన్ను వెంటబెట్టుకుని శ్రీను వాళ్ల క్లబ్బు పెద్ద, వెంకటేశ్వర్లు బాబాయి ఇంటికి వెళ్లారు.

"వాళ్లతో కలిసి ఆడేది లేదు టీచరమ్మా," అన్నాడాయన.

"మీరు కలవొద్దండీ. నేనే కలిపి ఆడిస్తా. ఒక్క ఆట, తెల్లారేటప్పుడు."

"ఏంది, ఆ మంచులోనా? ఎవుడు ఎవుడో తెలిసి చస్తదా?"

"తెలవకపోతేనే చానా మంచిది."

ఆయన లోపలికి వెళ్లి, తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. మిగతా ఇద్దరు పెద్దలూ అలాగే మెత్తబడ్డారు.

మూడు క్లబ్బుల వాళ్లనూ, మమ్మల్నీ కలగలిపి టీచర్ రెండు జట్లు చేశారు. మనుషులు మంచులో కరిగిపోతూ, మళ్లీ తేలుతూ ఉన్నారు. ఎక్కడినుంచో పిలుపులు, అడుగుల చప్పుడు. నా ముందు నాగరాజు కాపు కాస్తున్నాడు. ఉన్నట్టుండి బంతి వస్తున్న చప్పుడు వినిపించింది. ఆ వైపు దూకాను. చేతుల్లో చల్లగా, బరువుగా బంతి!

"శభాష్ చెల్లే!" అని గోలు వెనకనుంచి కేక. కట్టు కట్టిన చేత్తో శ్రీను.

ఆ గొంతు గుర్తుపట్టి నాగరాజు వెనక్కి వచ్చాడు. కట్టు వంక చూసి, "చెయ్యి ఎట్టా ఉందిరా?" అన్నాడు.

"దురదగా ఉంది. గోక్కోనీకుండా చేశావు గదరా!"

ముందు శ్రీనే నవ్వాడు. తర్వాత ఇద్దరూ. ఎండ వచ్చి మంచు విడిపోయేసరికి ఎవరెన్ని గోల్స్ చేశారో ఎవరికీ గుర్తులేదు. గేటుకు మళ్లీ తాళం పడలేదు. వేకువ మాకే మిగిలింది.

ఆ వేసవిలోనే టీచర్ బదిలీ మీద వెళ్లిపోయారు. కొన్నేళ్లకు పోయారని విన్నాను. నేనిప్పుడు గురజాలలో, విడిపోవాలని వచ్చే ఆలుమగలతో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాను. తప్పెవరిదని మొదటే అడగను. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, మాటలు దొరకనంతసేపూ అలాగే ఉండనిస్తాను. మంచు లాంటి ఆ మౌనానికి నాకు భయం లేదు. ఆ ధైర్యం మా టీచర్ ఇచ్చిందే.