చిలకలు పారిపోయిన ఆల్బమ్

గొడ్డలితో ఎవరైనా కాలు నరుక్కుంటారు. నేను నాలుకతో నరుక్కున్నాను. ఒక పాటల ఆల్బమ్‌ను బేరమాడబోయి మనూర్ దాపున జొన్నచేలో చిలకల పాలయ్యాను. అదెట్లాగో చెప్తాను, తీరిగ్గా నవ్వుకోండి. మా దుకాణానికి వచ్చినప్పుడు మాత్రం గుర్తుచేయకండి, గుర్తుచేసినవాళ్లకు ధర తగ్గించను.

మాది నారాయణఖేడ్‌లో బట్టల దుకాణం. పిల్లలకు అందరూ ఎక్కాలు నేర్పిస్తే మా నాయన నాకు ముఖం నేర్పించాడు. అంటే, నచ్చిన సరుకు ముందు ఏ ముఖం పెట్టాలో. "నచ్చిన చీర మీద చూపు నిలుపకు. పక్క చీర ముట్టు. తర్వాత నచ్చినదాన్ని తీసి ముక్కు చిట్లించు" అనేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని లోకం అంటుంది. నోరు చెడ్డదైతే ధర మంచిదవుతుందని మా ఇంట్లో అంటాం.

ఇక పాటల సంగతి. మా ఊళ్లో 'డబుల్ పానా' అని ఇద్దరే ఇద్దరి బ్యాండు ఉంది. గిటారు కొట్టి పాడేది బస్వరాజ్, డ్రమ్ములు బాదేది అతని బామ్మర్ది మొగులయ్య. ఇట్లాంటి మొరటు సంగీతాన్ని పట్నంలో గ్యారేజి రాక్ అంటారట. పట్నంవాళ్లకు రాక్ ఉంటుంది గానీ గ్యారేజి ఎక్కడిది? బస్వరాజ్‌కు నిజంగానే ఉంది, ట్రాక్టర్లు రిపేరు చేసేది. రేకుల గోడలకు గోనెసంచులు కడితే అది స్టూడియో, విప్పితే షెడ్డు. అట్లా నాలుగు ఆల్బమ్‌లు చేశారు. మొదటిది 'గ్రీసు చేతులు', తర్వాత 'స్టెప్నీ', 'కరెంటొచ్చింది'. నాలుగోది 'పట్నం సోకు', దాంట్లో ఎవరో చెప్పారని పిల్లనగ్రోవి పెట్టించారు. అది వింటే పెళ్లికొడుక్కి గౌను తొడిగినట్టుంటుంది.

నాకు ప్రాణం 'గ్రీసు చేతులు'. నా సీడీని ఒక చుట్టం విని ఇస్తానని తీసుకుపోయాడు. చుట్టం తిరిగొచ్చాడు, సీడీ రాలేదు. ఆ పాటలు ఫోన్లో ఎక్కడా దొరకవు, ఎందుకంటే వాటిని దాచిన మెమరీ కార్డు ఇంజిన్ ఆయిల్లో పడి కాలం చేసింది. ఇక లోకంలో ఉన్నవి బస్వరాజ్ అటక మీది డబ్బాలో మిగిలిన సీడీలే.

మీరైతే ఏం చేసేవారు? పోయి, "అన్నా, ఒకటియ్యి" అనేవారు. అందుకే మీరు దుకాణం పెట్టలేదు. నేను పాటల పిచ్చోళ్ల ఫోను గ్రూపులో నాలుగు ఆల్బమ్‌లకూ ర్యాంకులిస్తూ ఒక వ్యాసం రాశాను. 'పట్నం సోకు'కు మొదటి ర్యాంకు. పిల్లనగ్రోవికి ప్రత్యేక ప్రశంస. 'గ్రీసు చేతులు'కు ఆఖరి ర్యాంకు, పక్కనే "వినకున్నా నష్టం లేదు" అని ఒక మాట. ఇంకెవరూ దాన్ని అడగరు, ధర నేలకు దిగుతుంది, నేను వంగి ఏరుకుంటాను. అదీ పథకం.

మర్నాడే మొగులయ్య తువ్వాల కొనే సాకుతో దుకాణానికి వచ్చాడు. తువ్వాల చూడకుండానే అడిగాడు.

"సేటూ, నిజంగనే గా 'గ్రీసు చేతులు' ఆఖరుదా?"

"ఏం చేస్తం మొగులయ్యా, చెవులకు అబద్ధం చెప్పరాదు గదా."

"బావ గిటారు మంచిగ లేదా?"

"రేకుల మీద వాన పడ్డట్టుంది."

"మరి నా డ్రమ్ములు?"

"వాన ఆగినంక గూడ అవి ఆగలే."

అతను తువ్వాల మడత విప్పి మళ్లీ మడిచి పెట్టి, బేరం కూడా ఆడకుండా వెళ్లిపోయాడు. బేరమాడని మనిషి ఎంత బాధలో ఉన్నాడో దుకాణంలో పుట్టినవాడికి తెలియాలి. నాకేమో ధర దిగుతున్న చప్పుడు తప్ప ఇంకేదీ వినబడలేదు.

తర్వాత మా కులవిద్య ప్రకారం నాలుగడుగులు వెళ్లిపోతున్నట్టు నటించి, అంటే షెడ్డు వైపే చూడకుండా, వెనక్కి పిలుస్తారని ఆగాను. ఎవరూ పిలవలేదు. చివరికి నేనే షెడ్డుకు పోయాను. బస్వరాజ్ ట్రాక్టరు కింద ఉన్నాడు, కాళ్లే కనబడుతున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడాను.

"బస్వన్నా, గా పాత సీడీలు అడ్డముంటే ఒకటియ్యి. చాయ్ గిలాస కింద పెట్టుకుంట."

"లెవ్వు సేటూ."

"అమ్మినవా?"

"నువ్వు రాసినంక ఎవలు కొంటరు? సీడీల డబ్బా మొత్తం మా అమ్మకిచ్చిన. చేన్ల కట్టుకుంది, చిలకలు బెదురుతయని."

నటన మరిచిపోయాను. "అన్నీనా? ఒక్కటి గూడ లేదా?"

ట్రాక్టరు కింద పానా పక్కన పెట్టిన చప్పుడైంది. "నువ్వు గది రాయకముందే ఒకటి నీ పేరు రాసి పక్కకు పెట్టిన. నీది పోయిందని మొగులయ్య చెప్పిండు. ఊకెనే ఇద్దమనుకున్న. నీకు నచ్చనిదాన్ని ఇచ్చి పరేషాన్ చేసుడెందుకని, గది గూడ కట్టమన్న."

ఊకెనే. ఉచితంగా వచ్చేదాన్ని ఇంకా చవగ్గా కొనబోయినవాడు మా వంశంలో నేనొక్కణ్నే.

షేర్ ఆటో పట్టుకుని వాళ్ల చేను ఉన్న మనూర్ వైపు పరుగెత్తాను. చేను చూద్దును గదా, జొన్నకంకుల మీద 'గ్రీసు చేతులు' మొత్తం దారాలకు వేలాడుతూ ఎండలో తళతళ మెరుస్తోంది. చిలకలు దూరంగా తుమ్మచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి. మంచె కింద బస్వరాజ్ తల్లి శరణవ్వ ఆకు నమలుతోంది.

"అవ్వా, గీ బిళ్లలల్ల ఒకటి తీసుకపోత."

"తీసుకపోతే గా జాగల చిలకలు దిగుతయ్. వద్దు బిడ్డా."

"పాత బిళ్లనే గదనే."

"పాతదైతే నీకెందుకు?"

ఇట్లాంటి ప్రశ్న నన్ను సరుకు తెచ్చే బేగంబజారులో కూడా ఎవరూ అడగలేదు. ఇక దాచి లాభం లేదని కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "అవ్వా, నీ కొడుకు పాడినదాంట్ల ఇంత మంచిది ఇంకోటి లేదు. నాలుగిట్ల గిదే మొదటిది. గిది లేక నాకు మనసున పడ్తలేదు."

"హౌదా, నిజమా?" అని శరణవ్వ ఉమ్మి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నేనైతే బిళ్లకు బదులు జరసేపు మంచెక్కి చిలకలను కొట్టమందామనుకున్న. గంత మంచిదైతే పొద్దుగూకేదాకా కొట్టు. రేపు గూడ రా."

"అవ్వా, రేపు దుకాణముంది."

"మరి ఎల్లుండి గూడ రా."

నోరు మూసుకుని మంచె ఎక్కాను. ఇంకొక్క మాట బేరమాడితే కోత కూడా కోయించేది. మా నాయన నేర్పిందాంట్లో తప్పేమీ లేదని రాళ్లు విసిరే వడిసెల తిప్పుతూ, చిలకల మీద అరుస్తూ గ్రహించాను, పొగడగానే ధర పెరిగింది. సాయంత్రం బస్వరాజ్, మొగులయ్య వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"బావా, సేటు రాసింది నిజమే" అన్నాడు మొగులయ్య. "మన పాటలకు ఒక్క చిలక గూడ నిలుస్తలేదు."

"పాటలకు గాదురా," అన్నాడు బస్వరాజ్, "సేటు ఒర్లుడుకు."

మూడు రోజులు చిలకలను తోలాక సీడీ చేతికొచ్చింది. గ్రూపులో ర్యాంకులు తిరగరాశాను. ఎవరూ నమ్మలేదు, బస్వరాజ్ దగ్గర ఏదో లంచం తిన్నానని అన్నారు.

కాబట్టి బోరంచ నల్లపోచమ్మ మీద ఒట్టేసి, ఎండకు తోలూడిన ఈ మెడ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నచ్చిన సరుకును బాగాలేదని ఈ జన్మలో మళ్లీ అనను. తప్పనిసరిగా అనవలసి వస్తే, ముందు ఊకెనే ఇస్తారేమో అడిగి అంటాను.