పచ్చ పంజాబీ

ఈ రోజు మనసేం బాగోలేదు. నేను కువైట్‌లో ఒక ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసే పని చేస్తాను. మధ్యాహ్నం గేటు దగ్గర ఒకావిడ తెలుగులో ఏడుస్తుంటే ఆగి అడిగాను. పేరు రమణమ్మ, కడప వైపు మనిషి, ఇక్కడే రిగ్గై అనే పేటలో ఒక ఇంట్లో పని.

"మా యక్క రోడ్డు మింద పడిపోయిందని చెప్పినారన్నా. పొద్దున ఈడికే వచ్చినా. పేరు చెప్తే ఆ పేరుతో ఎవురూ లేరన్యారు. యక్క గుర్తింపు కార్డు, ఆ ఇఖామా, పనిలో పెట్టుకున్న కఫీల్ కాడనే ఉండాది. అందుకే పచ్చ పంజాబీ అని గుర్తు చెప్పినా."

నాకు అర్థమైంది. పంజాబ్ అంటే ఐదు నదుల నేల. ఇంగ్లీషులో పంజాబీ అంటే అక్కడి మనిషి, లేదా వాళ్ళ భాష. దాన్ని ఒంటి మీది డ్రెస్సుగా మార్చుకున్నది మనం. రిసెప్షన్‌లో ఉన్నతను పంజాబీ మనిషి కోసం చూసి, అలాంటి ఆడమనిషి రాలేదని పంపేశాడు. పాపం, ఈమె వేరే ఆసుపత్రులు తిరిగి మళ్ళీ వచ్చింది.

పచ్చ డ్రెస్సులో ఉన్న, పేరు తెలియని ఆమెను పొద్దున లోపలికి తోసింది నేనే. రమణమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ప్రాణం పోయి గంటయిందని నర్సు నాతో మెల్లగా చెప్పింది.

విషయం చెప్పాక రమణమ్మ తన అక్క నుదుటి మీది జుట్టు సర్దింది. తర్వాత నన్ను అడిగింది.

"పొద్దున నేనొచ్చినప్పుడు పానం ఉన్నిందా అన్నా?"

"లేదమ్మా, అప్పటికే పోయింది" అన్నాను.

ఉంది. మాట రాలేదు గానీ, ఒకసారి కళ్ళు కూడా తెరిచింది.

గదికొచ్చి ఇది రాస్తున్నాను. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?