ఊ కొట్టిన ఫోను

నిన్న పొద్దున రైలు టైము చూద్దామని కంప్యూటరు తెరిస్తే బ్రౌజరు మొరాయించింది. ఈ వెర్షన్ ఇక పనిచేయదు, కొత్తది వేసుకోండి అని పైన ఒక పసుపు పట్టీ. ఏళ్ల తరబడి కాపురం చేసిన బ్రౌజరు అది. మూలన ఇంటి బొమ్మ, పక్కన వెనక్కి పోయే బాణం, రోజూ చూసే పేజీలన్నీ వరసగా. రెండక్షరాలు కొడితే చాలు, తక్కినవి అదే పూరించేది. సరే, ఏం చేస్తాం, కొత్తది వేసుకున్నాను. ఇంటి బొమ్మ యాడికి పోయిందో తెలియదు, నేనెవరో దానికి తెలియదు. కోపం రావలసింది, రాలేదు. మా నాన్నను కన్నతల్లి, మా జేజి గుర్తొచ్చింది.

డెబ్బైలలో, ఎమ్మిగనూరులో, చీరల వ్యాపారం కోసమని నాన్న ఇంట్లో ఫోను పెట్టించాడు. అది ఫోనుకు మొదటి వెర్షన్ అనుకోండి. నల్లటి డబ్బా, పక్కన ఒక పిడి, అంతే. అంకెల చక్రం లేదు. పిడి తిప్పి రిసీవరు ఎత్తితే ఎక్స్ఛేంజీలో ఆపరేటరమ్మ పలికేది. జేజికి అంకెలు రావు, ఆ ఫోనుకు అంకెలు అక్కర్లేదు. ‘ఆదోనిలో మా పాపకియ్యి తల్లీ’ అంటే కాసేపటికి మా మేనత్త గొంతు వినిపించేది. ఒకసారి మా తాతకు, అదే జేజినాయనకు, జ్వరమొస్తే, డాక్టరు హాలహర్వి పోయినాడని, రాగానే తానే చెప్పి పంపిస్తానని ఆపరేటరమ్మ అనింది. అన్నట్టే డాక్టరు వచ్చినాడు. ఆయమ్మ ముఖం మేమెవరమూ చూడలేదు గానీ, లైన్‌మన్ చేత జేజి ఆమెకు బొరుగుల ఉగ్గాని చేసి పంపేది. జేజి మాటలు ఒక పట్టాన తెమిలేవి కావు. ఆయమ్మ ఒకపక్క బోర్డులో వైర్లు గుచ్చుతూనే ఊ కొట్టేది. జేజికి ఆ ఊ చాలు.

ఎనభైలలో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ వచ్చింది. పాత డబ్బా పట్టుకుపోయి చక్రమున్న ఫోను పెట్టినారు. ఆపరేటరమ్మ ఇక ఉండదని నాన్న చెప్పినాడు. జేజి నమ్మలేదు, ఫోనుంటే అవతల మనిషి ఉండదా అనింది. చక్రం తిప్పడం నేర్పబోతే, నోరుండగా వేలెందుకని కసిరింది. మేమంతా నవ్వినాము. ఇంట్లో ఎవరో ఒకరం ఉంటాం గదా అనుకున్నాము.

ఆ ఎండాకాలం గోనెగండ్లలో పెళ్లికి అందరం పోయినాము. మోకాళ్ల నొప్పులని జేజి, ఆమెకు తోడని జేజినాయన ఇంట్లోనే ఉండిపోయినారు. సాయంత్రం వచ్చేసరికి జేజి గడపలో కూర్చుని వీధి మొగదల వైపు చూస్తోంది. లోపల మగ్గం పక్కన జేజినాయన చాప మీద ఉన్నాడు. తల కింద దిండు పెట్టి, నడుము దాకా దుప్పటి కప్పింది. ఒళ్లు చల్లబడి ఎంతసేపయిందో. పక్కింటివాళ్లనైనా ఎందుకు పిలవలేదని నాన్న అడిగినాడు.

“ఫోన్లో సెప్పినానప్పా, మీ నాయన గుండె పట్టుకోని పడిపోయినాడని. ఆయమ్మ ఊ... అంటానే ఉండె. డాక్టరు వస్తాడని ఈడ కూసున్నా.”

నాన్న పోయి రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. నంబరు తిప్పే ముందు వచ్చే ఆ మోత నాకు కూడా వినబడింది. ఊ... అని, ఆగకుండా. మెల్లగా పెట్టేసినాడు. పెళ్లివారిచ్చిన లడ్డు నా చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు, లోపల ఆ చోటు మొద్దుబారిపోయింది.

ఆ ఊ ఎవరిదో జేజికి మేమెవరమూ చెప్పలేదు. చెబితే తప్పు తన మీదికి తెచ్చుకుంటుంది. అందుకని ఆ తప్పు డాక్టరు మోసినాడు, పాపం. కబురు పెట్టినా రాని మనిషి అని, బతికినన్నాళ్లూ జేజి ఆయన ముఖం చూడలేదు. ఆయన ఎదురుపడినప్పుడల్లా ‘బాగుండావామ్మా’ అని అడిగేవాడు. ఆపరేటరమ్మను మాత్రం ఒక్క మాట అననిచ్చేది కాదు.

ఇన్నేళ్లుగా నేనూ కాలానికి ఏవేవో చెప్పుకుంటూనే ఉన్నాను. అదీ ఊ అంటూనే ఉంది.